శిక్ష పడ్డాక నిరపరాధిత్వ వాదన: నందిగామ, జగ్గయ్యపేట ప్రాంతపు నేపథ్యం

నేరం రుజువై శిక్ష పడిన వ్యక్తి, అప్పీలు గడువు దాటిన తరువాతనో, వేసిన అప్పీలు ఏళ్ల తరబడి పెండింగులో పడి ఉన్న దశలోనో, విచారణలో జరిగిన లోపాలను ఎత్తిచూపడంతో సరిపెట్టుకోక, అసలు ఆ నేరం తాను చేయనే లేదని పై కోర్టు ముందు మొరపెట్టుకోవడమే శిక్షానంతర నిరపరాధిత్వ వాదన. అమెరికా న్యాయశాస్త్రంలో దీనికి ఒక ప్రత్యేక సిద్ధాంతమూ, దాని చుట్టూ అల్లుకున్న తీర్పుల పరంపరా ఉన్నాయి గాని, భారతదేశంలో 'నేను చేయలేదు' అన్న మాటకు విడిగా ఒక దరఖాస్తు నమూనా అంటూ లేదు. ఆ మాట అప్పీలు రూపంలోనో, రివ్యూ రూపంలోనో, క్షమాభిక్ష అర్జీ రూపంలోనో మాత్రమే కోర్టు గుమ్మం తొక్కగలదు. అపహరణ కేసుల్లో ఈ వాదన తరచుగా వినిపిస్తుంది. హత్య కేసులో శవం ఉంటుంది కనుక నేరం జరిగిందనడంలో సాధారణంగా పేచీ ఉండదు. అపహరణలో నేరం జరిగిందా లేదా అన్నదే చాలాసార్లు తేలవలసిన మొదటి ప్రశ్న అవుతుంది.

తెలుగునాట ఈ వాదన అత్యంత ప్రసిద్ధంగా వినిపించింది కృష్ణా జిల్లా ఎగువ భాగం నుంచే. మునేరు పక్కన ఉన్న నందిగామ, పాలేరుకు చేరువలో తెలంగాణ సరిహద్దును ఆనుకొని ఉన్న జగ్గయ్యపేట, హైదరాబాద్–విజయవాడ జాతీయ రహదారి మీది పట్టణాలు. పత్తి, మిరప పండే మెట్ట పొలాలు, సున్నపురాయి గనులు, సిమెంటు కర్మాగారాలు ఈ ప్రాంతపు బతుకుతెరువు. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఈ రెండూ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. రెండు పట్టణాల్లోనూ మేజిస్ట్రేటు కోర్టులు ఉన్నా, తీవ్రమైన నేరాల విచారణకు ఇక్కడివారు విజయవాడ మెట్లూ మచిలీపట్నం మెట్లూ ఎక్కుతూ వచ్చారు. శిక్ష పడితే 2018 చివరి వరకు హైకోర్టు ఉన్నది హైదరాబాదులో. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతిలో పనిచేస్తున్నది.

అనాసాగరం కేసు

నందిగామ మండలం అనాసాగరం గ్రామానికి చెందిన పిడతల సత్యంబాబు ఉదంతం అపహరణ కేసు కాదు, అత్యాచారం, హత్య కేసు. అయినప్పటికీ శిక్ష పడిన మనిషి నిరపరాధినని చెప్పుకుంటే మన వ్యవస్థలో ఏమవుతుందో తెలుసుకోవడానికి తెలుగు రాష్ట్రాల్లో దీనిని మించిన ఉదాహరణ లేదు. 2007 డిసెంబరు 27న విజయవాడ శివార్లలోని ఇబ్రహీంపట్నంలో ఒక ప్రైవేటు లేడీస్ హాస్టల్లో తెనాలికి చెందిన ఫార్మసీ విద్యార్థిని ఆయేషా మీరా హత్యకు గురైంది. తాను ప్రేమిస్తే కాదన్నందుకు చంపానంటూ హంతకుడు రాసినట్టున్న ఉత్తరం ఒకటి అక్కడ దొరికింది. పోలీసులు పలువురిని అనుమానితులుగా పట్టుకొని విచారించారు, కొందరిని వదిలేశారు. రాజకీయ పలుకుబడి ఉన్నవారిని కాపాడుతున్నారన్న ఆరోపణలు మొదటి నెలల నుంచే వినిపించాయి. ఘటన జరిగిన ఎనిమిది నెలలకు, 2008 ఆగస్టులో, దొంగతనం కేసులో దొరికాడంటూ సత్యంబాబును చూపి, ఈ హత్య కూడా అతడే చేశాడని పోలీసులు ప్రకటించారు. అప్పటికి ఆయన కూలిపని చేసుకునే ఒక దళిత కుటుంబపు యువకుడు.

కేసు నడుస్తున్న కాలంలోనే ఆయనకు నరాల వ్యాధి సోకి కాళ్లు చచ్చుబడటంతో హైదరాబాదులోని నిమ్స్ ఆసుపత్రిలో చికిత్స జరిగింది. విజయవాడ మహిళా ప్రత్యేక సెషన్స్ కోర్టు 2010 సెప్టెంబరు 29న ఆయనను దోషిగా నిర్ణయించి శిక్ష విధించింది. ఈ కేసును చరిత్రలో నిలిపిన విశేషం ఆ తీర్పు కాదు. దానిని అంగీకరించనన్న వారిలో హతురాలి తల్లిదండ్రులే ముందు వరసలో నిలబడటం. తమ బిడ్డను చంపింది సత్యంబాబు కాదని, అసలు నేరస్థులను తప్పించడానికి ఒక పేదవాడిని బలిచేశారని వారు మొదటి నుంచీ బహిరంగంగా చెబుతూ వచ్చారు. ముద్దాయి తరఫు బంధువులు 'మావాడు అమాయకుడు' అనడం కోర్టు ఆవరణల్లో రోజూ వినపడే మాటే గాని, బాధిత కుటుంబమే ఆ మాట అనడం బహు అరుదు. అయితే చట్టం దృష్టిలో ఆ అరుదైన మాటకు సాక్ష్యపు విలువ లేదు. వారు నేరాన్ని కళ్లారా చూసినవారు కారు గనుక, వారి నమ్మకం ఎంత బలమైనదైనా అభిప్రాయమే అవుతుంది.

అప్పీలు హైకోర్టుకు చేరింది. అది తేలడానికి ఆరున్నరేళ్లు పట్టింది. జస్టిస్ సి.వి. నాగార్జునరెడ్డి, జస్టిస్ ఎం.ఎస్.కె. జైస్వాల్‌ల ధర్మాసనం 2017 మార్చి 31న శిక్షను రద్దు చేసి సత్యంబాబును నిర్దోషిగా ప్రకటించింది. లక్ష రూపాయలు చెల్లించాలని ప్రభుత్వాన్ని ఆదేశించడంతో పాటు దర్యాప్తు చేసిన పోలీసు అధికారుల తీరును తప్పుపట్టింది. కొద్ది రోజుల్లోనే ఆయన రాజమహేంద్రవరం కేంద్ర కారాగారం నుంచి విడుదలయ్యారు. అరెస్టు నాటి నుంచి లెక్కిస్తే ఎనిమిదేళ్లకు పైగా గడిచాయి. ఇక్కడ గమనించవలసినది ఒకటుంది. ఆలస్యంగా వచ్చిన నిరపరాధిత్వ వాదన అన్నప్పుడు ఖైదీయే ఆలస్యం చేశాడన్న అర్థం స్ఫురిస్తుంది; ఈ కేసులో వాదన ఆలస్యంగా రాలేదు, మొదటి రోజు నుంచీ ఉంది. ఆలస్యమైనది దానిని వినడం.

నిర్దోషిగా తేలాక జరిగిన కథ మరింత చేదైనది. సత్యంబాబు కాకపోతే ఎవరన్న ప్రశ్న మళ్లీ ముందుకు రాగా, 2018లో హైకోర్టు పునర్దర్యాప్తుకు ఆదేశించింది. ఆ సందర్భంలోనే, కేసుకు సంబంధించిన రికార్డులు, వస్తుసాక్ష్యాలు విజయవాడ కోర్టులో ధ్వంసమైపోయాయని బయటపడింది. అదే ఏడాది నవంబరులో హైకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. సీబీఐ హత్యపై ఒక కేసు, రికార్డుల ధ్వంసంపై మరొక కేసు నమోదు చేసింది. చేతిలో పాత నమూనాలేవీ మిగలకపోవడంతో, 2019 డిసెంబరులో తెనాలిలోని సమాధిని తవ్వించి, పన్నెండేళ్ల నాటి అస్థిపంజరానికి మళ్లీ పోస్టుమార్టం జరిపించవలసి వచ్చింది. సాక్ష్యాలను ఎన్నాళ్లు, ఎక్కడ, ఎవరి పూచీ మీద భద్రపరచాలన్నది రికార్డు గదిలోని గుమాస్తాలకు వదిలేయదగిన చిన్న విషయంగా మన కోర్టులు చాలాకాలం భావించాయి. తాను చేయలేదని రుజువు చేసుకోవాలనుకునే ఖైదీకైనా, అసలు దోషి ఎవరో తెలియాలని కోరే కుటుంబానికైనా ఉన్న ఏకైక ఆధారం ఆ గదిలోని మూటే.

అపహరణ నేరం: ఏది రుజువు కావాలి

అపహరణను చట్టం రెండుగా విడదీస్తుంది. చట్టబద్ధ సంరక్షకుల అనుమతి లేకుండా పిల్లలనుగాని, మతిస్థిమితం లేనివారినిగాని తీసుకుపోవడం మొదటిది. తెలుగు పోలీసు స్టేషన్లలోనూ పత్రికల్లోనూ దీనికి కిడ్నాప్ అన్న మాటే స్థిరపడింది. బలప్రయోగంతోగాని మోసంతోగాని ఏ వయసువారినైనా ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడం రెండవది. ఇది దానంతట అదే శిక్షార్హం కాదు, హత్య చేయడానికనో నిర్బంధించడానికనో ఒక దురుద్దేశం తోడైతేనే నేరమవుతుంది. పాత శిక్షాస్మృతిలో మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లు అని ఉన్న వయోపరిమితిని, 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత ఇద్దరికీ పద్దెనిమిదిగా మార్చింది. సాధారణ కిడ్నాప్‌కు ఏడేళ్ల వరకు జైలు. డబ్బు కోసం అపహరించి ప్రాణభయం కల్పిస్తే మరణశిక్ష గాని యావజ్జీవం గాని విధించవచ్చునన్న 364ఎ సెక్షనును 1993లో చేర్చారు. కొత్త సంహితలో అది 140వ సెక్షనులో కలిసింది.

నందిగామ, జగ్గయ్యపేటల వంటి సరిహద్దు పట్టణాలకు మరొక నియమం ముఖ్యం. అపహరణ కేసును అపహరణ జరిగిన చోటనే కాక, బాధితులను తరలించిన చోటగాని, దాచిన చోటగాని విచారించవచ్చు. కోదాడలో ఎక్కించుకొని, గరికపాడు దాటించి, జగ్గయ్యపేటలో దాచిన మనిషి కేసు రెండు రాష్ట్రాల కోర్టుల్లో ఏదో ఒకదాని ముందుకు రావచ్చు. ఆ ఎంపికను బట్టి అప్పీలు తెలంగాణ హైకోర్టుకు పోతుందా, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు పోతుందా అన్నది మారుతుంది. కొద్ది కిలోమీటర్ల తేడాతో ఒక కుటుంబం చుట్టూ తిరగవలసిన ఊరే మారిపోతుందన్నమాట.

ఈ నేరంలో శిక్ష పడినవారి వాదనలు మూడు తీరులుగా కనిపిస్తాయి. మొదటిది, నేరం జరిగింది గాని చేసింది వేరొకడు అనేది. రెండవది, అసలు నేరమే జరగలేదు అనేది. కులాంతర ప్రేమ, ఇల్లు విడిచిపోవడం, పెద్దల ఫిర్యాదు అన్న వరసలో పుట్టిన కిడ్నాప్ కేసుల్లో ఇదే ప్రధాన వాదన. 1964లో సుప్రీంకోర్టు ఎస్. వరదరాజన్ వర్సెస్ మద్రాసు రాష్ట్రం కేసులో, పరిస్థితి తెలిసిన వయసుకు చేరువైన అమ్మాయి తనంతట తాను ఇల్లు విడిచి వచ్చి కలిసినప్పుడు, ఆమెను వెంటబెట్టుకొని వెళ్లినంత మాత్రాన తీసుకుపోయినట్టు కాదని, యువకుడి వైపు నుంచి ప్రేరేపణ ఏదైనా రుజువు కావాలని చెప్పి ముద్దాయిని విడుదల చేసింది. ఇలాంటి కేసుల్లో అమ్మాయి మొదటి వాంగ్మూలం పుట్టింటి కట్టడిలో ఉండగా నమోదై, ఏళ్ల తరువాత ఆమె మాట మారడం అరుదేమీ కాదు. మారిన మాటను కోర్టులు అనుమానంతోనే చూస్తాయి. దేనిని నమ్మాలో తేల్చడానికి తొలి వాంగ్మూలం ఎవరి సమక్షంలో, ఎక్కడ తీసుకున్నదీ చూడవలసి ఉంటుంది.

మూడవది, జరిగినది నేరమే గాని ఇంత పెద్ద నేరం కాదు అనేది. హైదరాబాదుకు చెందిన షేక్ అహ్మద్ వర్సెస్ తెలంగాణ రాష్ట్రం కేసు దీనికి నిలువుటద్దం. 2011లో ఒక ఆటో డ్రైవరు పాఠశాల విద్యార్థిని తీసుకుపోయి తండ్రిని రెండు లక్షల రూపాయలు అడిగాడన్న అభియోగంపై సెషన్స్ కోర్టు యావజ్జీవం విధించగా, హైకోర్టు దానిని ఖాయం చేసింది. పదేళ్ల తరువాత, 2021 జూన్ 28న, సుప్రీంకోర్టు జస్టిస్ అశోక్ భూషణ్, జస్టిస్ ఆర్. సుభాష్‌రెడ్డిల ధర్మాసనం 364ఎ కింద పడిన శిక్షను రద్దు చేసింది. ఆ సెక్షనుకు అపహరణ, డబ్బు అడగడం చాలవు. చంపుతామనో గాయపరుస్తామనో బెదిరింపు ఉండాలి, లేదా అలా జరుగుతుందన్న సహేతుకమైన భయం కలిగించే ప్రవర్తన ఉండాలి. బాలుడు తనను మంచిగానే చూసుకున్నారని చెప్పడంతో ఆ భాగం రుజువు కాలేదని ధర్మాసనం తేల్చింది. అపహరణ మాత్రం రుజువైంది గనుక ఏడేళ్ల జైలు విధించింది. ఈ మనిషి నిరపరాధి అని ఎవరూ అనలేదు. ఒక జీవితకాలం మాత్రం ఏడేళ్లకు దిగింది. శిక్షానంతర వాదనల్లో నెగ్గేవాటిలో ఎక్కువ ఈ కోవకు చెందినవే.

దారులు, గడువులు

సెషన్స్ కోర్టు వేసిన శిక్షపై హైకోర్టుకు అరవై రోజుల్లోనూ, మేజిస్ట్రేటు వేసిన శిక్షపై సెషన్స్ కోర్టుకు ముప్పై రోజుల్లోనూ అప్పీలు వేయాలి. మరణశిక్ష పడితే ముప్పై రోజులే. ఇవి 1963 నాటి కాలపరిమితి చట్టం పెట్టిన గడువులు. గడువు దాటితే అదే చట్టంలోని 5వ సెక్షను కింద, జాప్యానికి తగిన కారణం ఉందని కోర్టును ఒప్పించి మన్నింపు పొందవచ్చు. జైల్లో ఉన్నవాడికి వకీలు దొరకలేదన్నా, తీర్పు నకలు అందలేదన్నా కోర్టులు సాధారణంగా ఉదారంగానే చూస్తాయి. శిక్ష పడిన ముద్దాయికి తీర్పు నకలు వెంటనే, ఉచితంగా ఇవ్వాలన్నది చట్టం. ఆ నకలును ఖైదీ జైలు అధికారికి అందజేసి, అప్పీలు అర్జీపై సంతకమో వేలిముద్రో వేస్తే, దానిని కోర్టుకు పంపవలసిన బాధ్యత జైలు అధికారిది. దీనినే జైలు అప్పీలు అంటారు. వకీలుకు ఫీజు కట్టలేని కూలివాడికి చట్టం తెరిచి ఉంచిన దారి ఇదే.

దారి ఉన్నా నడిపించేవారు లేకపోతే ఏమవుతుందో ఉత్తరప్రదేశ్‌లోని లలిత్‌పూర్ జిల్లా ఖైదీ ఒకరి కేసు చెబుతుంది. జైలు నుంచి వెళ్లిన ఆయన అప్పీలు, దస్త్రాల్లో లోపాలున్నాయన్న ముద్రతో పదహారేళ్లు అలహాబాదు హైకోర్టులో విచారణకే రాలేదు. 2021 జనవరిలో విన్నప్పుడు నేరం రుజువు కాలేదని తేలింది. అప్పటికి ఆయన ఇరవయ్యేళ్లు జైల్లో గడిపారు. ఇటువంటి పరిస్థితిని ఊహించే సుప్రీంకోర్టు 1977లో కశ్మీరాసింగ్ కేసులో, అప్పీలును సకాలంలో వినలేని కోర్టు మనిషిని మాత్రం లోపలే ఉంచడం న్యాయం కాదని చెప్పి బెయిలు ఇచ్చింది. ఆ సూత్రం మీదనే, తెలుగు రాష్ట్రాల ఉమ్మడి హైకోర్టు 2016లో బచ్చు రంగారావు కేసులో, అప్పీలు పెండింగులో ఉండగా అయిదేళ్లు శిక్ష అనుభవించిన యావజ్జీవ ఖైదీలకు కొన్ని మినహాయింపులతో బెయిలు ఇవ్వవచ్చునని మార్గదర్శకాలు నిర్దేశించింది.

హైకోర్టులో ఓడినవారు ప్రత్యేక అనుమతితో సుప్రీంకోర్టుకు, అక్కడా ఓడితే రివ్యూకు, ఆ పైన 2002 నాటి రూపా అశోక్ హుర్రా తీర్పు కల్పించిన క్యూరేటివ్ పిటిషన్‌కు పోవచ్చు. ఈ మెట్లన్నీ ఎక్కుతున్న కొద్దీ వాదన ఇరుకవుతుంది. పై మెట్ల మీద కొత్త సాక్ష్యం చూపడానికి తావు తక్కువ. కొత్త సాక్ష్యం తీసుకునే అధికారం అప్పీలు కోర్టుకు చట్టమే ఇచ్చినా, విచారణలో తేగలిగి ఉండీ తేనిదాన్ని తరువాత తెస్తామంటే కోర్టులు ఒప్పుకోవడం కష్టం. రాష్ట్రపతి, గవర్నర్ల క్షమాభిక్ష అధికారానికి ఆ ఇరుకు లేదు గాని, క్షమించడమంటే తప్పు జరిగిందని ఒప్పుకున్నట్టే కనుక, నిరపరాధినని గట్టిగా నమ్మే మనిషికి అది మింగుడుపడని పరిష్కారం. అప్పీలు నడుస్తుండగా ఖైదీ చనిపోతే, ముప్పై రోజుల్లోగా భార్యాపిల్లలో తల్లిదండ్రులో అనుమతి కోరి దానిని కొనసాగించవచ్చునన్న నిబంధన ఒకటుంది. పోయిన మనిషి పేరు మీది మచ్చ తుడవడానికి చట్టం ఇచ్చిన ఈ అవకాశం గురించి తెలిసినవారు తక్కువ.

సాక్ష్యం ఎక్కడ తప్పుతుంది

పోలీసుల ముందు ఇచ్చిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. అయితే ముద్దాయి చెప్పిన మాట వల్ల ఒక వస్తువు దొరికితే, ఆ వస్తువు దొరకడానికి దారితీసినంత మేరకు ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవచ్చు. పాత సాక్ష్య చట్టంలో 27వ సెక్షనుగా ప్రసిద్ధమైన ఈ నియమం కొత్త సాక్ష్య అధినియమంలోనూ కొనసాగింది. ఆచరణలో ఇది ఇలా ఉంటుంది: పోలీసులు ఇద్దరు మధ్యవర్తులను పిలిపిస్తారు, తరచుగా వారిలో ఒకరు గ్రామ రెవెన్యూ అధికారి, ముద్దాయి 'నా వెంట వస్తే చూపిస్తాను' అన్నాడని రాస్తారు, పొదలోనో పెట్టెలోనో వస్తువు దొరుకుతుంది, అందరూ సంతకాలు చేస్తారు. ఆ మధ్యవర్తుల నివేదికే కేసుకు వెన్నెముక అవుతుంది. వస్తువు నిజంగా అక్కడ ఉందా, తెచ్చి పెట్టారా అన్నది ఆ ఇద్దరు సాక్షులను అడ్డుపరీక్షలో ఎంత నిశితంగా అడిగారన్న దానిపై ఆధారపడుతుంది, అంటే విచారణనాటి వకీలు ఓపిక మీద.

అపహరణ కేసుల్లో ఇంకా రెండు బలహీనతలు ఉంటాయి. గుర్తింపు పరేడ్ జరగకముందే ముద్దాయిని టీవీల ముందు నిలబెడితే, తరువాత పిల్లవాడు గుర్తుపట్టడానికి విలువ ఉండదు. ఫోను బెదిరింపు రికార్డులకు చట్టం కోరే ధ్రువపత్రం జతచేయకపోతే, నిజమైన సాక్ష్యం కూడా పనికిరాకుండా పోతుంది. మొదటి లోపం అమాయకులను ఇరికించగలదు, రెండవది దోషులను వదిలించగలదు.

డీఎన్ఏ పరీక్ష వీటన్నిటికీ విరుగుడన్న నమ్మకం బలంగా ఉంది. భారతదేశంలో ఆ పరీక్షకు పుట్టినిల్లు హైదరాబాదులోని సీసీఎంబీ. దానికి ఆద్యుడు లాల్జీసింగ్. పరీక్ష ఎంత శాస్త్రీయమైనదైనా నమూనాను సేకరించి, సీలు వేసి, ప్రయోగశాలకు చేర్చే చేతులు పోలీసు స్టేషనువే. 2025 జూలైలో సుప్రీంకోర్టు తమిళనాడుకు చెందిన కట్టవెళ్లై కేసులో ఒక మరణశిక్ష ఖైదీని విడుదల చేస్తూ, నమూనాల సేకరణ నుంచి భద్రత దాకా ప్రతి అడుగునూ నమోదు చేయాలని దేశవ్యాప్త ఆదేశాలు ఇచ్చింది.

జపాన్‌లోని అషికాగా కేసు ఈ సందర్భంలో చెప్పుకోదగినది. 1990లో ఒక ఆటల కేంద్రం నుంచి నాలుగేళ్ల బాలికను ఎత్తుకుపోయి చంపిన కేసులో, తోషికాజు సుగాయా అనే బస్సు డ్రైవరుకు తొలితరం డీఎన్ఏ పరీక్ష, పోలీసు నిర్బంధంలో ఇచ్చిన నేరాంగీకారం ఆధారంగా యావజ్జీవం పడింది. మెరుగైన పరీక్షలో నమూనా ఆయనది కాదని తేలడంతో 2009లో విడుదలయ్యారు, 2010 మార్చిలో పునర్విచారణ కోర్టు నిర్దోషిగా ప్రకటించి న్యాయమూర్తులు క్షమాపణ చెప్పారు. ఆయన్ను విడిపించినది పాత నమూనా మిగిలి ఉండటం.

ఇతర దేశాల అనుభవం

అమెరికా సుప్రీంకోర్టు 1993లో హెరేరా కేసులో, నిరపరాధినన్న వాదన ఒక్కటే శిక్షను రద్దు చేయడానికి చాలదని, రాజ్యాంగపరమైన లోపం కూడా చూపాలని చెప్పింది. 2013లో మెక్‌క్విగిన్ వర్సెస్ పెర్కిన్స్ కేసులో అయిదుగురు న్యాయమూర్తులు, నమ్మదగిన నిరపరాధిత్వ సాక్ష్యం ఉంటే ఏడాది గడువు అడ్డు కారాదని తీర్పు ఇచ్చారు, నలుగురు విభేదించారు. జాప్యం కారణంగా తలుపు మూయకూడదు గాని, ఆ జాప్యమే సాక్ష్యం మీద అనుమానం కలిగించవచ్చునన్నది మెజారిటీ చెప్పిన మెలిక. తలుపు తెరిపించిన పెర్కిన్స్‌కే ఆ తలుపు పనికిరాలేదు. కింది కోర్టు ఆయన సాక్ష్యాన్ని నమ్మలేదు.

శిక్ష రద్దు కావడం, నిరపరాధి కావడం ఒకటి కాదనడానికి అరిజోనాకు చెందిన ఎర్నెస్టో మిరాండా ఉదాహరణ. కిడ్నాప్, అత్యాచారం కేసులో ఆయనకు పడిన శిక్షను 1966లో సుప్రీంకోర్టు, మౌనంగా ఉండే హక్కును పోలీసులు చెప్పలేదన్న కారణంగా కొట్టివేసింది. మరుసటి ఏడాది నేరాంగీకారం లేకుండానే పునర్విచారణ జరిపితే మళ్లీ దోషిగానే తేలారు. బ్రిటన్ ఈ చిక్కును వేరే విధంగా పరిష్కరించబోయింది. 1997 నుంచి అక్కడ పనిచేస్తున్న క్రిమినల్ కేసుల సమీక్షా కమిషన్, అప్పీళ్లన్నీ అయిపోయిన ఖైదీల అర్జీలను స్వయంగా దర్యాప్తు చేసి, పస ఉంటే అప్పీలు కోర్టుకు తిరిగి పంపుతుంది. అక్కడా జాప్యాలు, విమర్శలు ఉన్నాయి; అయినా ఖైదీ తరఫున సాక్ష్యం వెదికే ప్రభుత్వ సంస్థ అంటూ ఒకటి ఉండటం చిన్న విషయం కాదు. భారతదేశంలో అటువంటి సంస్థ లేదు.

విడుదల తరువాత

భారతీయ కోర్టులు ఇచ్చేది నేరం రుజువు కాలేదన్న తీర్పు. ఈ మనిషి నేరం చేయలేదన్న ధ్రువపత్రం కాదు. సంశయలాభం, అంటే అనుమానపు ప్రయోజనం ముద్దాయికి దక్కడం అన్న కారణంతో విడుదలైనవారికి ఉద్యోగ నియామకాల్లో, ఊరి నోళ్లలో ఆ అనుమానం మిగిలే ఉంటుంది. గౌరవప్రదమైన విడుదల అన్న మాటను తీర్పుల్లో తరచు వాడినా, దాని నిర్వచనం నేరవిచారణ స్మృతిలో ఎక్కడా లేదని 2012లో సముతిరం కేసులో సుప్రీంకోర్టే గుర్తుచేసింది.

నష్టపరిహారం సంగతి ఇంకా పలచన. ఆధారం లేకుండా అరెస్టు చేయించినందుకు మేజిస్ట్రేటు ఇప్పించగల మొత్తం నేరవిచారణ స్మృతి స్థానంలో వచ్చిన కొత్త సురక్షా సంహితలో కూడా వెయ్యి రూపాయలు మించదు. 1983లో రుదుల్ సా కేసు మొదలుకొని రిట్ అధికారంతో కోర్టులు పరిహారాలు ఇప్పిస్తూనే ఉన్నాయి. 2018లో శాస్త్రవేత్త నంబి నారాయణన్‌కు సుప్రీంకోర్టు యాభై లక్షలు మంజూరు చేసింది. ఇవి హక్కుగా రాలేదు, ఆయా ధర్మాసనాల విచక్షణగా వచ్చాయి. ఆ యాభై లక్షలకూ అనాసాగరం కూలివాడికి ఆదేశించిన లక్షకూ మధ్య దూరాన్ని కొలిచే సూత్రం చట్టంలో లేదు. అంతర్జాతీయ పౌర, రాజకీయ హక్కుల ఒడంబడిక అన్యాయంగా శిక్ష అనుభవించినవారికి పరిహారాన్ని హక్కుగా పేర్కొన్నా, 1979లో దానిలో చేరినప్పుడు భారత ప్రభుత్వం చట్టవిరుద్ధమైన అరెస్టుకు, నిర్బంధానికి ఇచ్చే పరిహారం విషయంలో మినహాయింపు పెట్టుకుంది. అన్యాయపు ప్రాసిక్యూషన్‌కు గురైనవారికి చట్టబద్ధమైన పరిహార విధానం కావాలని లా కమిషన్ 2018 ఆగస్టులో తన 277వ నివేదికలో సిఫారసు చేసింది. కట్టవెళ్లై తీర్పులో సుప్రీంకోర్టు మళ్లీ ఆ లోటునే ఎత్తిచూపి, నిర్ణయాన్ని చట్టసభకు వదిలింది.

ప్రస్తుతానికి ఈ ప్రాంతపు ఖైదీ కుటుంబాలకు అందుబాటులో ఉన్నది 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం. జైల్లో ఉన్న ఎవరికైనా, ఆదాయంతో పనిలేకుండా, అప్పీలు కోసం ఉచితంగా వకీలును ఏర్పాటు చేయాలని ఆ చట్టం చెబుతున్నది. గడువు దాటిపోయిందన్న భయంతో ఊరుకోకుండా, తీర్పు నకలు తీసుకొని నందిగామ, జగ్గయ్యపేట కోర్టు ఆవరణల్లోని మండల న్యాయ సేవాధికార కార్యాలయాల్లో గాని, జైల్లోని న్యాయ సహాయ కేంద్రంలో గాని అర్జీ ఇవ్వవచ్చు. జాతీయ న్యాయ సేవాధికార సంస్థ ఉచిత ఫోను నంబరు 15100.